ముంగిట్లోకి బడి తెచ్చిన తారాబాయి మోదక్

సన్నటి కాగితం ముక్కకి ముడేసి, చుట్టి, ఐదంచులూ గోటితో నొక్కితే బుల్లి నక్షత్రం తయారు. అంగన్‌వాడీ పిల్లలకి ఇదొక పండగ. ఖర్చులేని ఇలాంటి వస్తువులతోనే పసిపిల్లలకి చదువు నేర్పొచ్చని మన దేశంలో చేసి చూపినవారిలో తారాబాయి మోదక్ ముఖ్యులు.

ఆమె 1892లో బొంబాయిలో పుట్టారు. 1914లో డిగ్రీ పూర్తిచేశారు. పెళ్లయింది గానీ కాపురం నిలవలేదు. భావనగర్‌లో గిజుభాయి దగ్గర మాంటిస్సోరి పద్ధతిలో పనిచేశారు. 1936లో దాదర్‌లో శిశువిహార్ పెట్టారు. మన ఆంధ్ర మహాసభ ఉన్న దాదరే అది!

అయితే మాంటిస్సోరి సామాను ఖరీదైనది. పేదపిల్లల సంగతేంటి? 1945లో ఆమె బోర్డీ పల్లెకి వెళ్లారు. అక్కడి పేదపిల్లలు బడికి రాలేదు. ఇంట్లో చంటివాళ్లని ఎత్తుకోవాలి, పశువుల్ని కాయాలి మరి. దాంతో ఆమె, అనూతాయి వాఘ్ కలిసి బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. గింజలు, ఆకులు, గులకరాళ్లే పాఠాల సామగ్రి అయ్యాయి. అంగన్ అంటే ముంగిలి కదా, అదే అంగన్‌వాడీ.

1962లో పద్మభూషణ్ వచ్చింది. 1973లో కన్నుమూశారు. రెండేళ్లకి ప్రభుత్వం దేశమంతటా అంగన్‌వాడీలు మొదలుపెట్టింది. అది చూడ్డానికి ఆమె లేరు.

ఈసారి కాగితం పారేసేముందు ఒక్కసారి ఆమెని తలుచుకుందాం.