వంట అంతంతమాత్రమే.. అయినా అందరి వంటిళ్లనూ మార్చేశారు! ఎవరీ లిలియన్ గిల్‌బ్రెత్?

కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్త డబ్బా మీ ఇంట్లో ఉందా? ఫ్రిజ్ తలుపు లోపలివైపు గుడ్లు, సీసాలు పెట్టుకునే అరలు? వీటి కథ తవ్వితే వినిపించే పేరు.. లిలియన్ గిల్‌బ్రెత్.

1878లో అమెరికాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌తో పెళ్లి. ఇద్దరూ కలిసి చేసిన పని భలే విచిత్రం. ఫ్యాక్టరీ కార్మికుల కదలికలను కెమెరాతో తీసి, శ్రమ ఎక్కడ వృథా అవుతోందో లెక్కగట్టడం! 12 మంది పిల్లలు. ఒక పాప డిఫ్తీరియాతో చనిపోయింది. ఇంత సంసారంలోనూ 1915లో బ్రౌన్ యూనివర్సిటీ డాక్టరేట్ తెచ్చుకున్నారు.

1924 జూన్‌లో అంతా తలకిందులైంది. ఫ్రాంక్ గుండెపోటుతో కన్నుమూశారు. చేతిలో 11 మంది పిల్లలు. భర్త ఉన్నన్నాళ్లూ పిలిచి పని ఇచ్చిన కంపెనీలు ముఖం చాటేశాయి. ఫ్యాక్టరీ ఇంజినీర్లకు ఒక ఆడమనిషి సలహా ఇవ్వడమేంటన్నది వాళ్ల లెక్క. డాక్టరేట్ కూడా అక్కరకు రాలేదు.

ఆడవాళ్లకు తెలిసింది వంటిల్లే అని లోకం అనుకుంటోంది కదా.. సరే, ఆ దారే పట్టారు లిలియన్. అసలు ట్విస్ట్ ఇక్కడే. ఆమెకు వంట పెద్దగా రాదు! ఇంట్లో వండిపెట్టడానికి మనిషి ఉండేవాడు. బహుశా అదే కలిసొచ్చిందేమో. అన్నీ తెలుసనుకోకుండా వండేవాళ్లనే అడిగారు. జనరల్ ఎలక్ట్రిక్ కోసం 4 వేల మందికి పైగా మహిళలతో మాట్లాడారు. పొయ్యి, సింకు ఎంత ఎత్తులో ఉంటే నడుం నొప్పి పుట్టదు? పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ ఒకే గట్టు ఎలా కుదురుతుంది? ఇవీ ఆమెను తొలిచిన ప్రశ్నలు.

1929లో బ్రూక్లిన్ గ్యాస్ కంపెనీ కోసం కొత్త వంటిల్లు డిజైన్ చేశారు. స్టవ్, గట్టు, ఫ్రిజ్ దగ్గరదగ్గరగా.. పక్కనే చక్రాల బల్ల. స్ట్రాబెర్రీ కేక్ చేయించి పరీక్షించారు. మామూలు వంటింట్లో 281 అడుగులు నడవాల్సిన పని 45 అడుగులతో అయిపోయింది! ఇప్పుడు ఫోన్‌తో నడిచే స్టవ్‌లు డిజైన్ చేసేవాళ్లు కూడా ముందు వండేవాళ్ల పక్కన నిలబడి గమనించాల్సిందే.

ఆ తర్వాత పిలుపులు వాటంతటవే వచ్చాయి. 1935లో పర్‌డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కు ఎన్నికైన తొలి మహిళ ఆమే. 1972 జనవరి 2న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ 11 మంది పిల్లలనూ కాలేజీ దాకా పంపించారు.