యెవ్‌గేనీ మ్రావిన్‌స్కీ

రష్యాదేశపు సింఫనీలను లోకమునకు వినిపించినవారిలో యెవ్‌గేనీ మ్రావిన్‌స్కీ అగ్రగణ్యుడు. ఆయన స్వరకర్త కాడు. ఏ వాద్యమునైనను సభలో వాయించి కీర్తి గడించినవాడును కాడు. ఇంచుమించు నూరుమంది వాద్యకారుల యెదుట నిలిచి, చిన్న బెత్తముతో వారినందరిని ఒక్క త్రోవను నడిపించిన కండక్టరు. సింఫనీ యనగా అట్టి పెద్ద బృందము కొరకు వ్రాయబడిన, సాధారణముగా నాలుగు భాగములు గల దీర్ఘకృతి. ఆ బృందములో వెనుక వరుసలలో కూర్చుండు ఇత్తడి బూరలవారిని గూర్చి యెవరును తగినంతగా చెప్పరు. బూర యూదవలెనని కోరు బాలురు మన పాఠశాలలో నున్నారు గనుక, ఈ చరిత్రమున వారికి కొంత యెక్కువ చోటు ఇచ్చుచున్నాము.

మ్రావిన్‌స్కీ 1903వ సంవత్సరము జూన్ 4వ తేదీని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను. ఆయన మేనత్త మ్రావినా గొప్ప నాటకశాలలో పేరెన్నికగన్న గాయని. బాలుడు సుఖముగ పెరుగుచుండగా 1917లో రాజ్యవిప్లవము వచ్చెను. మరుసటి యేట తండ్రి మరణించెను. కుటుంబము నిలుచుటకు ఆతడు నాటకశాలలో మాటలేని చిన్న వేషములు కట్టెను. విశ్వవిద్యాలయమున జీవశాస్త్రము చదువ నారంభించి విడిచిపెట్టెను. నృత్యపాఠశాలలో బాలబాలికలు అడుగులు నేర్చుకొనుచుండగా పియానో వాయించి జీతము తీసికొనెను. సంగీత విద్యాలయమున పట్టభద్రు డగునప్పటికి 1931వ సంవత్సరము వచ్చెను. అనంతరము కొన్ని యేండ్లు నృత్యనాటకముల బృందమును నడిపెను. అంతవరకు ఆయన పేరు ఆ నగరము దాటి యంతగా పోలేదు.

ఆయన జీవితమునందలి గొప్ప పరీక్ష 1937లో వచ్చినది. స్వరకర్త యగు దిమిత్రి షొస్తకోవిచ్ వ్రాసిన సంగీతనాటక మొకటి ప్రభుత్వమువారికి రుచింపలేదు. 1936 జనవరి 28వ తేదీని ప్రావ్దా పత్రిక దానిని తీవ్రముగ దూషించెను. ఆ దినములలో అట్టి దూషణమునకు అర్థము వేరు. ఎందరో రాత్రికి రాత్రి ఇండ్లనుండి కొనిపోబడి మరల కనబడని కాలమది. షొస్తకోవిచ్ తన నాల్గవ సింఫనీని అభ్యాసములు జరుగుచుండగనే వెనుకకు తీసికొని, అయిదవది వ్రాసెను. ఇది నెగ్గనిచో ఆయన గతి యేమగునో యెవరును చెప్పజాలరు. దానిని మొదటిసారి వినిపించు భారము ముప్పదినాలుగేండ్ల మ్రావిన్‌స్కీ మీద పడెను.

స్వరకర్త మితభాషి. ఏ భాగము నెంత వేగముగ నడుపవలెనో అడిగిన తిన్నగా చెప్పలేదు. అందువలన మ్రావిన్‌స్కీ యొక యుపాయము పన్నెను. పియానోయొద్ద కూర్చుండి కావలెనని తప్పు వేగముతో వాయించుచుండెను. షొస్తకోవిచ్ సహింపలేక సరియైన వేగము చూపుచుండెను. ఇట్లొక్కొక్క తావును రాబట్టి గుర్తువ్రాసికొనెను. నవంబరు 21వ తేదీని లెనిన్‌గ్రాడులో సభ జరిగెను. కృతి ముగిసిన పిమ్మట కరతాళధ్వనులు అరగంటసేపు నిలువలేదు. మ్రావిన్‌స్కీ స్వరపత్రమును తలపై కెత్తి చూపెను, ఆ గౌరవము తనకు గాక కృతికి చెందవలెనని తెలుపుటకు కాబోలు. ఆ తెగువ మాకు మిక్కిలి మెచ్చదగినదిగ తోచుచున్నది.

ఈ సింఫనీ చివరిభాగము ఇత్తడి వాద్యముల రాజ్యము. భేరీల మ్రోతపై ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా విరుచుకొనిపడి యారంభించును. కడపట అవియే ఘనస్వరముతో ముగించును. ఆ ముగింపు జయమా, బలవంతపు జయమా యని నేటికిని వాదము జరుగుచున్నది. అమెరికా దేశస్థుడగు బెర్న్‌స్టైన్ 1959లో న్యూయార్కు బృందముతో చేసిన ధ్వనిముద్రణమున ఆ ముగింపు పరుగులు తీయును. బూరలు పండుగనాటి బూరలవలె మెరయును. మ్రావిన్‌స్కీ ముద్రణములలో అది ఇంచుమించు సగము వేగముతో, కాలు ఈడ్చుకొనుచున్నట్లు నడచును. స్వరములు అవియే, మొదటిదానిలో గెలిచినవాడు కనబడును, రెండవదానిలో గెలిచితినని చెప్పుమని ఆజ్ఞాపింపబడినవాడు కనబడును. మా మట్టుకు మాకు రెండవదే సత్యమునకు దగ్గర. బెర్న్‌స్టైనును మెచ్చువారు కూడ తక్కువవారు కారు.

బూరల ధ్వనిలో ఇంత భేద మెట్లు కలుగునో పిల్లలకు కొంచెము చెప్పవలసియున్నది. తెలుగునాట దేవర యూరేగింపులలో నూదు కొమ్ముబూర కైనను, ట్రంపెటున కైనను సూత్ర మొక్కటియే. ఊదువాని పెదవులు మూతియొద్ద అదరును. ఆ యదురు గొట్టములోని గాలిని కదల్చును. కావున వానియందు పలుకునది లోహము మాత్రమే కాదు, మనుష్యుని పెదవియు ఊపిరియు కూడ. జర్మనీవారు తమ బూరలను గుండ్రముగ, తక్కిన వాద్యములతో కలిసిపోవునట్లు ఊదుదురు. నాటి రష్యావారు ట్రంపెటును చురుకుగ, కొంత కరకుగ పలికించుచుండిరి. ఫ్రెంచి హారనును మాత్రము పాటగాని గొంతువలె వణకించుచుండిరి. మారేడుమిల్లి ఘాటురోడ్డున లారీ కనబడక పూర్వమే దాని హారను మలుపునుండి వచ్చి గుండెకు తాకును గదా! మ్రావిన్‌స్కీ ట్రంపెట్లు అట్టివే.

దీనికి ఉత్తమనిదర్శనము చైకోవ్‌స్కీ కడపటి మూడు సింఫనీలు. 1960లో లెనిన్‌గ్రాడు బృందము పశ్చిమ ఐరోపాలో సంచరించునపుడు, జర్మను కంపెనీవారు నాల్గవదానిని లండనులోను, అయిదవ, ఆరవవానిని వియన్నాలోను ముద్రించిరి. నాల్గవది హారన్ల పిలుపుతో మొదలగును. చైకోవ్‌స్కీ దానిని విధికి గుర్తుగ నుంచెను. కారయాన్ బెర్లిను బృందముతో ముద్రించిన దానిలో ఆ పిలుపు గంభీరము, సుందరము; వినువాడు కుర్చీలో వెనుకకు వాలి యానందింపవచ్చును. మ్రావిన్‌స్కీ ముద్రణము విన్నవాడు కూర్చున్నచోటనే నిటారగును. అయిదవదాని రెండవభాగములో ఒంటి హారను పాట యున్నది. అక్కడ ఆ వణకు స్వరము కొందరికి వింత గొల్పవచ్చును, మాకు మిక్కిలి హృద్యము. ఆరవదాని చివర గంట యొక్కసారి మెల్లగ మ్రోగిన వెంటనే ట్రాంబోన్లు, ట్యూబా అతిమందముగ పలుకును. గర్జించు బూరలు అంత మెల్లగ నూదుట యెంత కష్టమో ఊదువారికే తెలియును.

ఈ శక్తి ఊరక రాలేదు. 1938లో అఖిల సోవియట్ కండక్టర్ల పోటీలో ప్రథముడై లెనిన్‌గ్రాడు ఫిల్‌హార్మోనిక్ బృందమునకు ముఖ్యనాయకుడైనది మొదలు, వందలసార్లు వాయించిన కృతినైనను క్రొత్తదానివలె మరల అభ్యాసము చేయించెను. పొడగరి, సన్నని దేహము, చిరునవ్వు అరుదు. అభ్యాసము మరల రానంత చక్కగ జరిగినదని సభనే మానుకొనె నని యొక కథ చెప్పుదురు. మన మాస్టర్లలో నెవరును అంతదూరము పోలేదు!

యుద్ధకాలమున బృందముతో సైబీరియాలోని నోవోసిబిర్స్కునకు తరలి, 1944లో తిరిగివచ్చెను. షొస్తకోవిచ్ తన యెనిమిదవ సింఫనీని ఆయనకే అంకితము చేసెను. కాని 1962లో పదుమూడవ సింఫనీ కడకు వచ్చుసరికి మ్రావిన్‌స్కీ దానిని నడుపలేదు. ఆ కృతి సోవియట్ నేలపై యూదులు పొందిన బాధను పాడునది, ప్రభుత్వమునకు ఇష్టములేనిది. మాస్కోలో కోంద్రాషిన్ అను మరియొకరు దానిని నడిపిరి. కారణము లనేకము చెప్పబడుచున్నవి. షొస్తకోవిచ్ మనస్సు నొచ్చుకొనెను. 1937లో స్వరపత్రము తలపై కెత్తిన చేతులు అప్పుడు లేవకపోవుట ఆయన చరిత్రమున మాకు బాధ కలిగించు విషయము.

వృద్ధాప్యమున కూర్చుండియే, వ్రేళ్ల కదలికతో బృందమును నడుపుచుండెను. 1984లో ఎనుబదేండ్లు దాటి అయిదవ సింఫనీని ఇంకొకసారి ముద్రింపించెను. 1938 నాటి ముద్రణమును దీనిని ప్రక్కప్రక్కన వినదగును. పాత ప్లేటులో గరగర యెక్కువ. సిగ్నలు దొరకిన చోట రెండును సెల్‌ఫోనులోనే వినవచ్చునుగాని, చిన్న స్పీకరులో ట్రాంబోన్లు దోమలగును. చెవికి తగిలించుకొను పరికరము తప్పనిసరి. 1987 మార్చి 6వ తేదీని ఆయన కడపటి సభ జరిగెను. 1988 జనవరి 19వ తేదీని లెనిన్‌గ్రాడులో మరణించెను. మూడేండ్లకు నగరము తన పాతపేరు తిరిగి తీసికొనెను. ఆ ముద్రణములపై మాత్రము లెనిన్‌గ్రాడు బృందమను పేరే నిలిచియున్నది.