కెన్నెడీ దాచిన జబ్బు

జాన్ కెన్నెడీ పేరు మీరు వినే ఉంటారు. 1962లో చైనా మన దేశంపై దాడి చేసినప్పుడు ఆయనే అమెరికా అధ్యక్షుడు. నెహ్రూ కోరిక మీద మనకు ఆయుధాలు పంపారు. ఫోటోలలో ఎప్పుడూ నవ్వుతూ, ఆరోగ్యంగా కనిపిస్తారు. కాని ఆయన శరీరంలో అధివృక్క గ్రంథులు దాదాపుగా లేవు.

ఈ గ్రంథులు మూత్రపిండాల పైన టోపీల్లాగా ఉంటాయి. కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేస్తాయి. జ్వరం వచ్చినా, ఆపరేషను జరిగినా కార్టిసాల్‌ను కొన్ని రెట్లు ఎక్కువగా వదిలి, రక్తపోటు పడిపోకుండా కాపాడతాయి. గ్రంథులను కోసి తీసివేసినా, అవి వాటంతట అవే క్షీణించినా ఫలితం ఒక్కటే. బయటి నుండి హార్మోను ఇవ్వకపోతే మనిషి బతకడు. గ్రంథులు క్షీణించే జబ్బును 1855లో వివరించిన డాక్టరు పేరు మీదుగా అడిసన్ వ్యాధి అంటారు.

కెన్నెడీ 1917లో పుట్టారు. 1947లో లండన్‌లో జబ్బుపడినప్పుడు ఆయనకు ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. శరీరంలో ఉప్పును నిలిపే హార్మోను బిళ్లలను తొడ చర్మం కింద అమర్చేవారు. తరువాత కార్టిసోన్ మాత్రలు వచ్చాయి. రోజుకు 25 మిల్లీగ్రాముల మాత్రతో ఆయన మామూలుగా తిరగగలిగారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్రంథి అవసరాన్ని బట్టి హార్మోనును పెంచుతుంది. మాత్ర పెంచదు. డాక్టరే పెంచాలి. 1954లో వెన్నునొప్పి భరించలేక కెన్నెడీ ఆపరేషనుకు సిద్ధపడ్డారు. బోస్టన్ డాక్టర్లు వద్దన్నారు. అక్టోబరు 21న న్యూయార్క్‌లో డాక్టర్లు హార్మోను మోతాదు బాగా పెంచి ఆపరేషను చేశారు. మూడవ రోజున మూత్రనాళ ఇన్ఫెక్షను వచ్చి స్పృహ తప్పింది. మతగురువును పిలిపించి అంత్యప్రార్థనలు చేయించారు. అయినా కోలుకున్నారు. మరుసటి ఫిబ్రవరిలో మళ్లీ ఆపరేషను అవసరమైంది.

1955లో ఒక వైద్యపత్రిక ఈ ఆపరేషను గురించి రాసింది. రోగి పేరు లేదు, 37 ఏళ్ల పురుషుడు అని మాత్రమే ఉంది. 1960 ఎన్నికలలో ప్రత్యర్థులు జబ్బు సంగతి ఎత్తారు. అడిసన్ చూసిన రోగులలో పలువురికి గ్రంథులు క్షయ వల్ల పాడయ్యాయి. కెన్నెడీకి క్షయ లేదు. దీన్ని ఆసరా చేసుకుని, అసలైన అడిసన్ వ్యాధి ఆయనకు లేదని ఆయన పక్షం వారు ప్రకటించారు. ఇది నిజాన్ని దాటవేయడమే.

1963 నవంబరు 22న డాలస్‌లో కెన్నెడీ హత్యకు గురయ్యారు. శవపరీక్షలో అధివృక్క గ్రంథులు కనిపించలేదని, ఆ పరీక్షలో పాల్గొన్న డాక్టర్లు 1992లో బయటపెట్టారు.