మాక్స్ పెరుట్జు

ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున 1914వ సంవత్సరము మే నెల 19వ తేదీన మాక్స్ పెరుట్జు జన్మించెను. అతని తల్లిదండ్రులు బట్టల మిల్లులు గల సంపన్న కుటుంబములవారు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి వ్యాపారమునకు తోడ్పడవలెనని వారు తలచిరి. అతని మనస్సు మాత్రము రసాయనశాస్త్రముపై లగ్నమయ్యెను. వియన్నా విశ్వవిద్యాలయమున చదివి, 1936లో అతడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి పోయి, బెర్నాల్ అను శాస్త్రజ్ఞునికడ శిష్యుడుగా చేరెను.

మఱుసటి వేసవిలో ప్రేగ్ నగరముననున్న హౌరోవిట్జు అను బంధువు అతనికి హీమోగ్లోబిన్ నిర్మాణమును పరిశోధింపుమని సలహా యిచ్చెను. మనము పీల్చిన ప్రాణవాయువును ఊపిరితిత్తులనుండి సర్వాంగములకు మోసికొనిపోవు మాంసకృత్తు అదియే. 1938లో హౌరోవిట్జు ఒక వింతను ప్రకటించెను. ప్రాణవాయువు లేని హీమోగ్లోబిన్ స్ఫటికములు ఊదారంగు పలకలుగా నుండును. గాలి సోకినంతనే ఆ పలకలు నశించి, వాని స్థానమున ఎఱ్ఱని సూదులవంటి స్ఫటికములు పుట్టును. కొద్దిపాటి వాయువు చేరినంతమాత్రమున అంత పెద్ద అణువు రూపము మారుట యెట్లు? ఈ ప్రశ్న పెరుట్జును విడువలేదు.

ఇంతలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించెను. యూదు సంతతివారగుటచే అతని తల్లిదండ్రులు సర్వస్వము విడిచి పారిపోవలసివచ్చెను. 1940లో బ్రిటిషు ప్రభుత్వము పెరుట్జును శత్రుదేశీయుడని నిర్బంధించి, ఓడ నెక్కించి కెనడాకు పంపెను. తన దేశమున యూదుడని తరుమబడినవాడు ఆశ్రయమిచ్చిన దేశమున శత్రువని బంధింపబడెను! 1941లో విడుదలయై తిరిగివచ్చిన యాతనినే, కొలదికాలములో ఆ ప్రభుత్వము యుద్ధసంబంధమైన రహస్య పరిశోధనకు నియోగించెను. రంపపు పొట్టు వంటి కొయ్యపదార్థము కలిపిన మంచుగడ్డతో సముద్రముపై విమానములు దిగుటకు ఓడ కట్టవచ్చునేమో చూచుట ఆ పని. ఆ ఓడ ఎన్నడును తయారు కాలేదు.

యుద్ధానంతరము అతడు మరల హీమోగ్లోబిన్‌ను చేపట్టెను. స్ఫటికముగుండ ఎక్స్ కిరణములను పంపినచో ఫిలిముపై వేలకొలది చుక్కలు పడును. కాని చుక్కల కాంతిని కొలిచినంతమాత్రమున పరమాణువుల స్థానములు తెలియవు. అలల దశ యెట్టిదో ఫిలిము చెప్పదు. పెరుట్జు మొదట ఊహించిన నమూనా పొరపాటని అతని శిష్యుడైన ఫ్రాన్సిస్ క్రిక్కు నిరూపించెను. పదునైదేండ్లకు పైగా సాగిన శ్రమకు ఫలమిదియా యని మఱియొకడు నిరాశపడి యుండును. 1953లో పెరుట్జు హీమోగ్లోబిన్ అణువునకు పాదరసపు పరమాణువులను తగిలించి, మరల చిత్రము తీసెను. చుక్కల స్థానములు మారలేదు గాని, వాని కాంతి మారెను. ఆ రెండు చిత్రములను పోల్చినచో దశను కనుగొనవచ్చును. అతడు పరుగున పోయి ఆచార్యుడగు బ్రాగ్గును చీకటి గదికి తోడ్కొనివచ్చి చూపెను.

ఈ పద్ధతితో మొదట గెలిచినవాడు అతని సహచరుడు జాన్ కెండ్రూ. కెండ్రూ ఎన్నుకొన్నది తిమింగలపు కండరములోని మయోగ్లోబిన్. అది హీమోగ్లోబిన్‌లో నాలుగవవంతు మాత్రమే. ఒకే గొలుసు, ఒకే హీము. దాని ఆకృతి 1957లో తెలిసెను. 1959లో పెరుట్జు గుఱ్ఱపు హీమోగ్లోబిన్ నమూనాను నిర్మించి చూడగా, దానిలోని నాలుగు గొలుసులలో ప్రతియొక్కటియు మయోగ్లోబిన్‌ను పోలియుండెను! 1962లో వారిరువురకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను.

అయినను హౌరోవిట్జు వింతకు కారణము ఇంకను తెలియలేదు. 1970లో పెరుట్జు దానిని వివరించెను. ప్రాణవాయువు లేనపుడు హీములోని ఇనుప పరమాణువు హీము తలమునకు కొంచెము వెలుపల నుండును. ప్రాణవాయువు దానిని అంటుకొనినంతనే అది లోనికి జరుగును. జరుగుచు తనకు కట్టుబడిన హిస్టిడిన్ అను భాగమును, దానితో గొలుసును లాగును. ఆ కదలికచే నాలుగు గొలుసులను బిగించిన బంధములు తెగి, అణువంతయు సర్దుకొనును. తక్కిన హీములు వాయువును సులభముగా గ్రహించును. ఒంటిగొలుసు మయోగ్లోబిన్‌కు ఇరుగుపొరుగు లేదు. కావున అది రక్తమునుండి ప్రాణవాయువును గ్రహించి, కొఱత వచ్చువఱకు గట్టిగా పట్టుకొనియుండును. నీట మునుగు తిమింగలమునకు అదియే కావలసినది.

హీముచుట్టునున్న మడతలకు మఱియొక ప్రయోజనము కలదు. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు విడి హీమును ప్రాణవాయువుకంటె వేలకొలది రెట్లు బలముగా పట్టుకొనును. హీమోగ్లోబిన్‌లో ఆ బలము సుమారు రెండువందల రెట్లకు తగ్గును. హీముకు ఆవలివైపుననున్న మఱియొక హిస్టిడిన్ ప్రాణవాయువునకు ఆసరా యిచ్చి నిలుపుటయే ఇందులకు ముఖ్యకారణము.

1962లో కేంబ్రిడ్జిలో ప్రారంభమైన అణుజీవశాస్త్ర ప్రయోగశాలకు పెరుట్జు 1979 వఱకు అధ్యక్షుడుగా నుండెను. అచ్చటి భోజనశాలను చాలకాలము నడపినది అతని భార్య జిసెలా. శాస్త్రజ్ఞులు తమ సందేహములను పలుమారు ఆ బల్లలయొద్దనే తీర్చుకొనెడివారు. పదవీ విరమణ చేసిన పిదపను అతడు ప్రయోగశాలకు పోవుట మానలేదు. 2002వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన, 87 ఏండ్ల వయసున, కేంబ్రిడ్జిలోనే కన్నుమూసెను.