అబీగయీలు

అబీగయీలు బైబిలు పాత నిబంధనలోని మొదటి సమూయేలు గ్రంథము 25వ అధ్యాయంలో కనిపించే స్త్రీ. మొదట నాబాలు అనే ధనికునికి, అతని మరణానంతరం దావీదుకు భార్య అయినది. హీబ్రూ భాషలో ఈమె పేరుకు తండ్రి ఆనందము అని అర్థం చెబుతారు. కాలం సుమారు క్రీ.పూ. 11వ శతాబ్దం చివరి భాగం.

నాబాలు

నాబాలు మాయోను నివాసి. ఆస్తి అంతా పక్కనున్న కర్మెలులో ఉండేది. ఇది ఏలీయా ప్రవక్త కథలోని కర్మెలు పర్వతం కాదు, హెబ్రోనుకు దక్షిణాన ఉన్న ఊరు. అతనికి 3000 గొర్రెలు, 1000 మేకలు ఉండేవి. హీబ్రూలో నాబాలు అంటే మూర్ఖుడు. కన్నవారు బిడ్డకు ఇటువంటి పేరు పెట్టి ఉంటారా అనేది సందేహమే. అతడు కాలేబు వంశీయుడు. ప్రాచీన గ్రీకు అనువాదకులు ఆ వంశనామాన్ని కుక్క అనే హీబ్రూ మాటగా గ్రహించి, అతడు కుక్కవంటివాడని తర్జుమా చేశారు.

దావీదుతో వైరం

సౌలు రాజుకు భయపడి దావీదు 600 మందితో అరణ్యంలో తిరుగుతున్న రోజులవి. ఆ దండు నాబాలు కాపరులకు పగలూ రాత్రీ కాపుగా నిలిచింది. ఉన్ని కత్తిరించే రోజు వచ్చింది. గొర్రెలు కత్తిరించి గొంగళ్ళు నేసే మన కురుమల పల్లెలను ఎరిగినవారికి ఆ పని సందడి ఎటువంటిదో తెలియనిది కాదు. అక్కడ అది విందు దినం కూడా. దావీదు పదిమంది యువకులను పంపి, తోచినది ఇమ్మని మర్యాదగా అడిగించాడు. నాబాలు ఇవ్వకపోగా, యజమానులను విడిచి పారిపోయిన దాసులతో అతనిని జమకట్టి అవమానించాడు. అడగని కాపలాకు కూలి చెల్లించాలా అని నాబాలు పక్షాన వాదించేవారు లేకపోలేదు. ఆ వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. కాని ఆయుధాలు ధరించిన ఆకలిదండుతో మాట్లాడవలసిన తీరు మాత్రం అది కాదు.

దావీదు 400 మందితో బయలుదేరి, తెల్లవారేసరికి ఆ ఇంట మగవాడు మిగలరాదని ఒట్టుపెట్టుకున్నాడు.

అబీగయీలు రాయబారం

పనివాడొకడు ఈ సంగతి యజమానికి కాక యజమానురాలికి చెప్పాడు. నాబాలుతో మాట్లాడడం ఎవరి తరమూ కాదని అతని ఫిర్యాదు. అబీగయీలు భర్తకు తెలియనీయకుండా 200 రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండడానికి సిద్ధం చేసిన ఐదు గొర్రెలు, వేయించిన ధాన్యం, 100 ఎండుద్రాక్ష గెలలు, 200 అంజూరపు ముద్దలు గాడిదలపై ముందుగా పంపి, వెనుక తాను వెళ్ళింది. కొండ చాటున దావీదు ఎదురుపడగా సాగిలపడి, తప్పు తనదేనన్నది. భర్త పేరుకు తగినవాడేనని ఒప్పుకున్నది. ఆమె మాటల్లో ముఖ్యమైనది వేరే ఉంది: రేపు సింహాసనమెక్కినప్పుడు నిష్కారణంగా చిందించిన రక్తం దావీదు మనస్సును కలచివేయకూడదని ఆమె హెచ్చరిక. దావీదు వెనుదిరిగాడు. తనకు మేలు కలిగిన నాడు ఈ దాసురాలిని జ్ఞాపకముంచుకొమ్మని ఆమె చివర కోరడం భర్త బ్రతికుండగానే. వ్యాఖ్యాతలలో కొందరు దీనిని లౌక్యమని అనుమానించారు. ఒక ఇంటి ప్రాణాలన్నీ ఆ మాటలపై ఆధారపడి ఉండగా లౌక్యాన్ని తప్పుపట్టడం సులభం కాదు.

తరువాతి జీవితం

ఆమె తిరిగి వచ్చేసరికి నాబాలు రాజవిందు వంటి విందులో త్రాగి ఉన్నాడు. తెల్లవారి మత్తు దిగాక విషయం చెప్పగా, గుండె చెదరి రాయివలె బిగుసుకుపోయి పది రోజులకు మరణించాడు. దావీదు కబురు పంపగా ఆమె ఐదుగురు పనికత్తెలతో వెళ్ళి అతనిని వివాహమాడింది. అతడు యెజ్రెయేలీయురాలైన అహీనోయమును కూడా పెండ్లాడాడు.

వివేకవతికి ఆపై సుఖం దక్కిందని చెప్పలేము. సిక్లగు పట్టణాన్ని అమాలేకీయులు తగులబెట్టినప్పుడు చెరపట్టబడి, దావీదు వెంబడించి విడిపించగా బయటపడింది. హెబ్రోనులో ఒక కుమారుని కన్నది. అతని పేరు సమూయేలు రెండవ గ్రంథంలో కిల్యాబు, దినవృత్తాంతములలో దానియేలు. రెండవ కుమారుడైనప్పటికీ సింహాసనం కోసం అన్నదమ్ములు పోరాడిన కథలో అతడు కనిపించడు. యూదుల తాల్ముదు అబీగయీలును ఏడుగురు ప్రవక్త్రులలో ఒకరిగా లెక్కించింది. ఊరియాను చంపించే నాటి దావీదు కథలో మాత్రం ఆమె ప్రసక్తి లేదు.