కూచిపూడికి బడి పెట్టించిన ప్లీడరు

కైకలూరు పక్కనున్న ఆటపాక పేరు చెబితే ఎవరికైనా కొల్లేటి పక్షులే గుర్తుకొస్తాయి. చలికాలంలో గూడబాతులను చూడడానికి దూరప్రాంతాల నుంచి జనం వస్తుంటారు. ఆ ఊళ్ళోనే 1907 జనవరి 20న ఒక గొప్ప నటుడు పుట్టాడన్న సంగతి వారిలో ఎందరికి తెలుసో చెప్పలేం. ఆయనే కీ.శే. బందా కనకలింగేశ్వరరావు.

చదువు లా. వృత్తి ఏలూరులో ప్లీడరీ. పగలు కోర్టు, రాత్రి నాటకం. ఆ కాలంలో కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇలాంటి ప్లీడర్లు తక్కువేమీ కాదు. న్యాయవాదికీ నటుడికీ గొంతే పెట్టుబడి గనుక ఒక పనికి చేసిన సాధన రెండోదానికీ ఉపయోగపడేది. బందావారు బాహుకుడిగా, బిల్హణుడిగా, శ్రీకృష్ణుడిగా పేరు పొందారు. 1936లో ద్రౌపది కథ రెండు తెలుగు సినిమాలుగా పోటీపడి వచ్చినప్పుడు వాటిలో ఒకటైన ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో కృష్ణుడి వేషం ఆయనదే. అందులో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ. అంతమంది మహానటులున్నా ఆ సినిమా దెబ్బతిన్నది. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’లో కార్యవర్ధి రాజుగా వేశారు. ఆ సినిమా మాత్రం ఊరూరా ఆడింది. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ.

సినిమా ఆయనను పూర్తిగా లాక్కోలేదు. 1938లో ఏలూరులో ప్రభాత్ థియేటర్ అనే సంస్థను స్థాపించి నాటకాలు ఆడించారు. సమాజం నడపడమంటే వేషం కట్టడంతో తీరేది కాదు. తెరలు, దీపాలు, హార్మోనిస్టు బత్తెం, పందిరి కంట్రాక్టు, రైలు చార్జీలు, అలిగిన నటుణ్ణి బతిమాలుకోవడం అన్నీ నెత్తిన పడతాయి. తరువాతి రోజుల్లో ఆయన చేసిన పనులకు ఇదే అసలు శిక్షణ అనుకోవాలి.

మైకు ముందు పాఠం

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బందావారు ఆ కేంద్రంలో నాటక ప్రయోక్తగా పనిచేశారు.

నాటకాలరాయుళ్ళకు రేడియో గది వింతగా ఉండేది. వేషం లేదు, తెర లేదు, ఎదుట జనం లేరు. పందిట్లో ఆఖరి వరుసకు వినిపించేలా గొంతెత్తడం అలవాటైన నటుడు మైకు ముందు అదే గొంతుతో పలికితే వినేవాడి చెవులు గింగురుమంటాయి. వన్స్ మోర్ అని కేక వేసేవారుండరు, వేసినా గడియారం ఒప్పుకోదు. కాగితం తిప్పిన చప్పుడు సైతం ఊళ్ళోని పంచాయతీ రేడియో దాకా వస్తుంది. ఎంత పేరున్న నటుడైనా అక్కడ మళ్ళీ ఓనమాలు దిద్దుకోవలసిందే. ఆ దిద్దించే పని ప్రయోక్తది. వేదిక మీద తలపండినవాడు చెబితే నటులు వింటారు, ఫైలు పట్టుకుని వచ్చినవాడు చెబితే వినరు. ఆ ఉద్యోగంలో బందావారిని నిలబెట్టింది వెనకటి రంగస్థల అనుభవమే.

సర్కారు కళలకు పూనుకున్న రోజులు

రాజుల, జమీందారుల పోషణ పోయాక కళాకారులను ఎవరు చూస్తారన్న ప్రశ్న స్వరాజ్యం వచ్చిన కొత్తలో గట్టిగా వినిపించింది. ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953లో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన మరుసటి ఏడాది, 1957లో, హైదరాబాదులో రాష్ట్ర సంగీత నాటక అకాడమీ వచ్చింది. ఏ సమాజానికి గ్రాంటు ఇవ్వాలి, ఎవరిని సన్మానించాలి, ఏ బృందాన్ని బయటి రాష్ట్రాలకు పంపాలి అనేవి ఇక ఒక ఆఫీసు తేల్చే సంగతులయ్యాయి.

ఇక్కడే చిక్కు వచ్చింది. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాకు అడంగలు చూడడం నేర్పుతారు. మరి కళల ఆఫీసులో కూర్చునేవాడికి ఏమి నేర్పాలి? దరువు అంటే ఏమిటో తెలియనివాడి చేతికి దరఖాస్తుల కట్ట వస్తే, మంచి కాగితం రాయించుకున్నవాడికి డబ్బు దక్కుతుంది, మంచి వేషం కట్టినవాడు మిగిలిపోతాడు. బందావారివంటివారు ఆ తొలి సంవత్సరాల్లో అకాడమీకి అండగా ఉండడం మన జిల్లాకు కలిసొచ్చింది. ఆయనకు చట్టం తెలుసు, జమాఖర్చు తెలుసు, ముఖానికి అర్దళం పూసుకోవడమూ తెలుసు.

మొవ్వ పక్క అగ్రహారం

నాటి దివి తాలూకాలోని కూచిపూడిని అప్పటికే కళాభిమానులు ఎరుగుదురు. సిద్ధేంద్రయోగి పేరు చెప్పుకుని భామాకలాపం ఆడే కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉన్నాయి. 1763 నాటి ఆస్తి పంపకపు పత్రంలో ఆ భాగవతుల ఇంటిపేర్లు కనిపిస్తాయి. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి వంటి ఇళ్ళలో మగపిల్లలు తెల్లవారకముందే లేచి అడుగులు వేసేవారు. ఆడవేషం కట్టేదీ వారే. పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది అక్కడి కట్టుబాటు.

విద్య అంతా గురువు నోట, ఒంట ఉండేది. పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. గురువు ముసలివాడైతే ఆయనతోపాటు నాలుగు జతులు, రెండు దరువులు పోయేవి. పొట్ట గడవక మద్రాసు సినిమాలకు వెళ్ళినవారు వెళ్ళారు.

1958లో ఢిల్లీలో కేంద్ర అకాడమీ అఖిల భారత నృత్య సదస్సు జరిపింది. కూచిపూడి గురించి విస్సా అప్పారావు అక్కడ వివరించారు. అయినా కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా లెక్కించాలా, లేక నాటక కళగా పక్కన పెట్టాలా అన్నది అప్పటికి తేలలేదు. ఆ మాట ఆంధ్రుల మనసును నొప్పించింది. మరుసటి ఏడాది, 1959లో, రాష్ట్ర అకాడమీ హైదరాబాదులో నృత్య సదస్సు పెట్టింది. దాని కోసం పాటుపడినవారిలో బందా ఒకరు. పుస్తకం తెలిసిన పండితులనూ పాదం తెలిసిన గురువులనూ ఒకచోట కూర్చోబెట్టడం తేలికైన పని కాదు. వారి మాట వీరికీ వీరి మాట వారికీ విప్పి చెప్పగలవాడు మధ్యన ఉండాలి. కోర్టులో సాక్షిచేత విషయం చెప్పించడం ఎరిగిన ప్లీడరు అందుకు తగినవాడే.

కళాక్షేత్రం

1950వ దశకం చివరి సంవత్సరాల్లో కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది. దాన్ని నెలకొల్పి నిలబెట్టడంలో ముఖ్యుడు బందా. కేరళలో మహాకవి వళ్ళత్తోళ్ 1930లో కళామండలం పెట్టి కథకళిని కాపాడినట్టే, ఇక్కడ ఇంటి అరుగు మీది చదువు బడిలోకి వచ్చింది. బడి అంటే హాజరుపట్టీ, టైంటేబులు, నెలజీతం. తెలతెలవారగానే మొదలై గురువుకు తోచినప్పుడు ముగిసే పాఠాన్ని గంటల్లోకి కోయాలి. ఏది మొదటి ఏడాది, ఏది రెండో ఏడాది అని తేల్చాలి. గురువులకు కూడా ఇది కొత్త చదువే. చేసి చూపించడం వారికి పుట్టుకతో వచ్చింది, ఎందుకు అలా చెయ్యాలో పరాయి ఊరి పిల్లవాడికి విడమరచి చెప్పడం మాత్రం కొత్తగా అలవాటు చేసుకోవలసి వచ్చింది.

దీనివల్ల అంతా మేలే జరిగిందనడానికి లేదు. గుగ్గిలం పొడి చల్లిన దివిటీల వెలుగులో రాత్రంతా ఆడే భాగవతం గంటన్నర కార్యక్రమానికి కుదించుకుపోయింది. సూత్రధారుడి చమత్కారం తగ్గి, ఒంటరి నృత్యం పైకి వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాడికి ఉద్యోగం, లేని పెద్దాయనకు నమస్కారం అన్న పద్ధతి తరువాత చాలాచోట్ల కనిపించింది. ఈ మాట పాతతరం కళాభిమానులు ఇప్పటికీ అంటుంటారు, అందులో నిజం లేకపోలేదు. కాని ఆ బడి లేకుంటే అగ్రహారం బయటివారికి ఈ విద్య ఇంత తొందరగా అందేది కాదు.

ఫలితాలు ఆయన ఉండగానే కనిపించాయి. ఆడవేషానికి పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణశర్మకు 1961లో కేంద్ర అకాడమీ అవార్డు వచ్చింది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ ప్రారంభించారు. 1968లో చింతా కృష్ణమూర్తిని కేంద్ర అకాడమీ సత్కరించింది. ఆ ఏడాదే డిసెంబరు 3న బందా కనకలింగేశ్వరరావు కన్నుమూశారు. వయస్సు 61.

రాష్ట్రంలోని అకాడమీలను 1983లో ప్రభుత్వం రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కూచిపూడి బడి దాని కిందికి వెళ్ళింది. జిల్లాల విభజనతో 2022లో ఆటపాక ఏలూరు జిల్లాలో చేరింది. ఆయన వకాల్తా పుచ్చుకున్న కూచిపూడి మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉంది.