రాగిరేకుల నుండి కాగితానికి: వేటూరి ప్రభాకరశాస్త్రి

కంప్యూటరులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నెలకొల్పుకొన్న వారికి మొదట కలిగే చింత పాత ఫైళ్లను గురించినదే. చిత్రాలు, లెక్కల పట్టికలు చాలావరకు చెక్కుచెదరకుండా తరలివస్తాయి. చిక్కంతా పాత తెలుగు వ్రాతతోనే. యూనికోడ్ వ్యాప్తిలోనికి రాకమునుపు తెలుగు టైపు చేసిన అనేక పద్ధతులలో యంత్రం దాచుకొన్నవి నిజానికి రోమన్ అక్షరాల సంకేతాలు. వాటికి తెలుగు రూపాన్ని తొడిగినది ఫాంటు మాత్రమే. కొత్త యంత్రంలో ఆ ఫాంటు లేనప్పుడు, ఎన్నడో శ్రద్ధగా వ్రాసుకొన్న వ్యాసం అర్థంలేని రోమన్ లిపి గుంపుగా తెరపై నిలుస్తుంది. ఫైలు నశించలేదు, దానిని చదివే మార్గం నశించింది. ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. తెలుగు వాఙ్మయం ఒక ఆధారం నుండి మరొక ఆధారానికి మారిన ప్రతిసారీ ఎదురైనదే. అటువంటి తరలింపునకు జీవితంలో అధికభాగం వెచ్చించిన పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి.

ఆయన 1888 ఫిబ్రవరి 7న కృష్ణాజిల్లా పెదకళ్లేపల్లిలో జన్మించారు. తల్లిదండ్రులు శేషమ్మ, సుందరశాస్త్రి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యులలో ఒకరై కవిత్వాన్నీ శాస్త్రాన్నీ అభ్యసించారు. అవధానాలలో, ఆశుకవితలో పేరు తెచ్చుకోగల శక్తి ఉన్నా, ఆయన మనస్సు పాత ప్రతుల వైపు మళ్లింది. మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తకాలయంలో చేరి సుమారు మూడు దశాబ్దాలు అక్కడ గడిపారు. మెకంజీ, బ్రౌను సేకరించిన వ్రాతప్రతులు చేరిన నిలయమది. బ్రౌను కడపలో పండితులను నియమించి, తాటాకు ప్రతులను కాగితం మీదికి వ్రాయించిన సంగతి తెలిసినదే. ఆ పనికి ప్రభాకరశాస్త్రి నిజమైన వారసులు.

తాటాకును చదవడం సులభం కాదు. గంటంతో గీసిన అక్షరం మసి పూసిన తరువాతనే స్పష్టంగా కనిపిస్తుంది. పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. పద్యం ఎక్కడ ముగిసిందో ఛందస్సు తెలిసినవాడే చెప్పగలడు. నిండుసున్నకూ అరసున్నకూ భేదం చూపని వ్రాతలే ఎక్కువ. పురుగు తిన్నచోట అక్షరమే ఉండదు. అన్నిటికంటె ప్రమాదం, నకలు వ్రాసినవాడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా మార్చివేయడం. రంధ్రం ఉన్నచోట లోపం ఉన్నదని కంటికి తెలుస్తుంది. మార్చిన మాట మాత్రం సరైన మాట వలెనే కూర్చుంటుంది. అందువలన పరిష్కర్త వేర్వేరు ప్రతులను దగ్గర పెట్టుకొని పాఠాంతరాలను పోల్చవలసి ఉంటుంది. ఈ క్రమంలోనే ప్రభాకరశాస్త్రి పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని పరిష్కరించి 1926లో వెలువరించారు. నోటినుండి నోటికి తిరుగుతున్న పద్యాలను చాటుపద్యమణిమంజరిగా కూర్చారు. మూలకావ్యాలు పూర్తిగా నశించినా, పాత సంకలనాలలో చెదరిమిగిలిన వాటి పద్యాలను ఏరి ప్రబంధరత్నావళిని సిద్ధపరచారు. ఈ గ్రంథం విలువను నేటికీ తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి. ఎందరో కవుల ఉనికి అందులోని నాలుగైదు పద్యాల వలననే తెలుస్తున్నది.

ఆయన నిర్ణయాలన్నిటినీ లోకం అంగీకరించలేదు. క్రీడాభిరామం శ్రీనాథుని రచనయే అని ఆయన వాదించారు. పండితులలో పెక్కుమంది ఒప్పుకొనలేదు. ప్రతులతో అంత పరిచయమున్నవానికి సైతం కర్తృత్వ నిర్ణయం ఎంత కష్టమో ఆ వివాదం తెలుపుతుంది.

1939-40 ప్రాంతంలో ఆయన తిరుపతికి వచ్చారు. తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనాలయం ఆయనకు కార్యక్షేత్రమయింది. అక్కడ ఆయన కోసం తాటాకులకంటె బరువైన సామగ్రి వేచి ఉన్నది. అన్నమాచార్యుల, ఆయన కుమారుల, మనుమల సంకీర్తనలను చెక్కించిన రాగిరేకులవి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో అవి శతాబ్దాలు నిలిచి ఉన్నాయి. ఆ ఇంటివారికి ఈ ప్రాంతంతో ఉన్న సంబంధం కొండమీదికే పరిమితం కాదు. చంద్రగిరి కేంద్రంగా పాలించి, 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అన్నమయ్యను ఆదరించినవాడు. చంద్రగిరి చెంతనున్న శ్రీనివాస మంగాపురంలో పూజలను పునరుద్ధరించిన వాడు అన్నమయ్య మనుమడు చినతిరుమలాచార్యుడు. అక్కడి 1540 నాటి శాసనం ఈ సంగతిని తెలుపుతున్నది.

తాటాకు చెడిపోతుందని ఎరిగిన తాళ్లపాకవారు పాటలను రాగిమీదికి ఎక్కించారు. అది దూరదృష్టియే. కాని రాగి నిలిచినా దానిని చదివేవారు కరవయ్యారు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన కాంబెల్ దొర ఈ రేకులలో వ్యాకరణగ్రంథం ఉన్నదని ఎవరో చెప్పగా నకలు తెప్పించి చూచి, స్తోత్రగీతాలే అని తెలిసి విడిచిపెట్టాడు. మరొక నూరేండ్లకు పైగా ఎవరూ పట్టించుకొనలేదు. 1920ల తరువాతనే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలైనవారి కృషితో రేకులు వెలుగులోనికి వచ్చాయి. ప్రచురణ ఆరంభమైన కొన్నేండ్లకు ఆ భారం ప్రభాకరశాస్త్రిపై పడింది.

రెండువేలకు మించిన రేకులు. చాలా రేకులపై రెండు వైపులా కలిపి ఆరేసి పాటలు. గీతలలో నిండిన చిలుమును, మురికిని తొలగించి, ఒక్కొక్క పంక్తిని చదివి, పల్లవిని చరణాలనుండి వేరుపరచి, పదాలు విడదీసి, అచ్చుకు తగిన రూపం కల్పించాలి. వీటికంటె కఠినమైనది మాటల నిర్ణయం. అన్నమయ్య పాటలలో రాయలసీమ పల్లెమాటలు, పనిపాటల వారి నుడులు, వ్యాకరణాలలో కానరాని క్రియారూపాలు కోకొల్లలు. కృష్ణాతీరంలో చదువుకొన్న పండితునికి అవి తప్పులుగా తోచి, సవరించే అవకాశం ఎంతైనా ఉన్నది. సవరించి ఉంటే ఆ మాట అక్కడితో అంతరించేది. అచ్చుపుస్తకం చేతికి వచ్చిన తరువాత రాగిరేకు దగ్గరకు వెళ్లి సరిచూచే పాఠకుడు ఎవరు? ప్రభాకరశాస్త్రి వాటిని తెలుగు పలుకుబడికి సాక్ష్యాలుగా గ్రహించారు. చాటుపద్యాలను, వాడుకమాటను ప్రేమించిన మనస్సు ఈ పనికి తగినదయింది.

రేకులు చెప్పని జీవితకథను అన్నమయ్య మనుమడు చిన్నన్న రచించిన ద్విపదకావ్యం చెప్పింది. దానిని పరిష్కరించి, విపులమైన పీఠికతో 1949లో ప్రకటించారు. అన్నమయ్య 1424లో, తన పదునారవ యేట రచన ప్రారంభించినట్లూ, 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించినట్లూ రేకు మీదనే చెక్కి ఉన్నది. కాలనిర్ణయానికి ఇంతకంటె గట్టి ఆధారం ఏ పదకవికీ లేదు.

అయినా తరలిరానిది ఒకటున్నది. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు గాని స్వరాలు చెక్కలేదు. రాగం పేరు కాగితం మీదికి వచ్చింది. అన్నమయ్య పాడిన వరుస రాలేదు. దానిని ఏ పరిష్కర్తా తిరిగి తేలేడు. 1950 ఆగస్టు 29న ప్రభాకరశాస్త్రి తిరుపతిలో మరణించారు. ఆ పిమ్మట సంకీర్తనల పరిష్కరణను చేపట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్ని పాటలకు తామే కొత్తగా స్వరం కూర్చవలసి వచ్చింది.

తాళ్లపాక సాహిత్యం క్రమంగా 29 సంపుటాలయింది. అవి ఇప్పుడు కంప్యూటరు తెరమీదా లభిస్తున్నాయి. ఈ తరలింపులోనూ పాత కథ పునరావృతమయింది: పాత తెలుగు ముద్రణలో కనిపించే దంత్య చ, జ లకు యూనికోడులో చోటు దొరికినది 2008లో మాత్రమే. అన్నమయ్య పాటను వెదకవలసినవారు నేటికీ సంపుటం సంఖ్యతోపాటు రాగిరేకు సంఖ్యనే చూస్తున్నారు.